రెండు శాతం నీలం

జూన్ 3, సోమవారం

ఇది పని పుస్తకంలో రాయదగినది కాదు. రాయకుండా ఊరుకోదగినదీ కాదు. పని పుస్తకంలో ఉప్పు, వేడి, క్షారత, తేదీ, సంతకం, ఇవే గడులు. "నాకు అర్థం కావడం లేదు" అని రాయడానికి అక్కడ గడి లేదు. ఇరవై రెండేళ్ళుగా చేపలు, పగడాలు పెంచే ఉప్పునీటి తొట్లు చూస్తున్నదాన్ని. ఏ తేడా వచ్చినా వారం తిరిగేలోగా కారణం పట్టుకునేదాన్ని. తొట్టిలోని పెద్దావిడ రంగు తగ్గడం మొదలై రెండు నెలలు దాటింది. కారణం దొరకలేదు. ఈరోజు మేనేజరు గడువు కూడా పెట్టాడు. ఆలోచనలన్నీ తలలోనే పెట్టుకుని తిరిగితే ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతున్నాయి. అందుకే ఈ నోటుపుస్తకం.

మేనేజరు మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. డయాలసిస్ హాలుకు పని ఆపకుండానే కొత్త రంగులు వేయించి, ఆగస్టు ఒకటిన కొత్తగా ప్రారంభిస్తారట. "మేడం, మనుషులు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు ఆ కుర్చీల్లో కదలకుండా కూర్చుంటారు. వాళ్ళకి చూడ్డానికి ఉన్నది మీ తొట్టి ఒక్కటే. అది కళకళలాడాలి. చేపల్ని పెంచండి, రాళ్ళు సర్దండి. మధ్యలో ఆ బూడిదరంగు పొద ఉంది చూశారా, దాన్ని తీసేద్దాం."

బూడిదరంగు పొద. పద్నాలుగేళ్ళ కిందట బొటనవేలి గోరంత ముక్కను రాతికి అంటించి పెంచిన పగడం. ఇప్పుడు రెండు చేతులు చాచినా కౌగిట్లో పట్టదు. ఊదా కొమ్మలు, కొసల్లో లేత నీలం. పెద్దావిడ అని పేరు పెట్టింది నేను కాదు, కుర్చీల్లో కూర్చునేవాళ్ళు.

"అది ప్రాణమున్నదండీ," అన్నాను.

"నాకు తెలుసు మేడం. చూసేవాళ్ళకి తెలియాలిగా."

చెడ్డవాడు కాదు. ఆగస్టు ఒకటిలోగా రంగు తిరిగి వస్తే ఉండనిస్తానన్నాడు. రాకపోతే వెనక గదిలోని చిన్న తొట్టికి మార్చాలి. అంత పెద్దదాన్ని ముక్కలు చేయకుండా మార్చలేం. ముక్కలు చేస్తే ఈ స్థితిలో బతకదు. ఆ మాట అతనితో అనలేదు. ఎందుకనలేదో తెలియదు.

జూన్ 4, మంగళవారం

పనిని మూడుగా విడదీసుకున్నాను: రాళ్ళు, చేపలు, వెలుతురు.

రాళ్ళు ఇప్పుడు గోడ కట్టినట్టున్నాయి. రెండు దిబ్బలుగా విడదీసి మధ్యలో ఇసుక దారి వదిలితే నీరు పెద్దావిడ కొమ్మల మధ్య బాగా తిరుగుతుంది. చూసేవారికి తొట్టిలో లోతు కనిపిస్తుంది. చేపలను వరసలో వదలాలి, పిరికివి ముందు, పోకిరివి చివర. వరస తప్పితే మొదట వచ్చిన పోకిరి తొట్టి మొత్తాన్ని తన సొంత ఇల్లనుకుంటుంది.

వెలుతురు సంగతి నాకు ముందే తెలుసు. తొట్టి మొత్తం ఎండకు వెలిసిన ఫోటోలా పసుపు తిరిగింది. దీపాలు మూడేళ్ళవి, వాటిలో నీలమే ముందు బలహీనపడుతుంది. ఫిబ్రవరిలో నలభై ఆరు శాతం మీద ఉన్న నీలాన్ని కొద్దికొద్దిగా అరవై ఎనిమిదికి తెచ్చాను. ఈరోజు మరో రెండు శాతం పెంచాను. వారానికి రెండుకు మించకూడదన్నది నా నియమం. పగడాలకు ఆకస్మికం పనికిరాదు.

కాంతి మీటరులో సెల్లు అయిపోయింది. తేవాలి. తొందరేమీ లేదు, ఇరవై రెండేళ్ళు ఈ పని చేసిన కన్ను ఉంది.

తొట్టి పక్క కుర్చీ దర్జీగారిది. మంగళ, గురు, శనివారాలు. డెబ్బై రెండేళ్ళు. ఒక చేతికి గొట్టాలు, రెండో చేతికి తీరిక.

"అమ్మాయ్, మళ్ళీ నీళ్ళల్లో నీలిమందు కలిపావా?"

"లేదండీ. దీపాలు సరిచేశాను."

"సరిచేస్తే సరే. నా చొక్కా చూడు, ఉతక్కుండానే నీలం పెట్టినట్టుంది."

నవ్వాను. ఆయన చొక్కా మామూలు తెలుపే. కాస్త మాసిన తెలుపు. డెబ్బై రెండేళ్ళ కన్ను కదా, పాపం.

జూన్ 11, మంగళవారం

నీలం రెండు శాతం.

జూన్ 13, గురువారం

రాళ్ళు సర్దడం ముగిసింది. నాలుగు గంటలు పట్టింది. భుజాల దాకా ఉప్పునీళ్ళు. నీళ్ళాయన సాయం రాకపోతే రెండు రోజులయ్యేది.

నీళ్ళాయన ఉద్యోగం వెనక గదిలోని నీళ్ళ ప్లాంటు చూసుకోవడం. కొళాయి నీటిలోని క్లోరిన్‌ను తీసేసి, వడగట్టి, కుర్చీల పక్కనున్న యంత్రాలకు పంపుతాడు. ఆ నీటిలోంచే వారానికి రెండు వందల లీటర్లు నాకు ఇస్తాడు. దానిలో ఉప్పు కలిపి తొట్టికి పోస్తాను. కుర్చీల్లోని మనుషులకూ తొట్టిలోని ప్రాణులకూ ఒకటే నీరు. క్లోరిన్ మిగిలితే ఇద్దరికీ ప్రమాదమే. తొమ్మిదేళ్ళుగా ఒక్కసారి కూడా మిగల్లేదు.

"అక్కా, ఈ రాయి అటు పెడితే బాగుంటుంది," అన్నాడు.

"ఎందుకని?"

"అది దగ్గర. నా నడుముకి బాగుంటుంది."

రాయి అటే పెట్టాను. నిజంగానే బాగుంది.

పెద్దావిడను కదపలేదు. చుట్టూ దారి మాత్రం చేశాను. కొమ్మల అడుగుభాగం వేళ్ళతో తడిమాను, గరుకుగానే ఉంది. చర్మం ఊడలేదు. బతికే ఉంది.

జూన్ 18, మంగళవారం

నీలం రెండు శాతం. డెబ్బై నాలుగు.

ఇంకా పసుపుగానే ఉంది.

జూన్ 19, బుధవారం

గుమ్మం దాటబోతుంటే చెల్లెలు ఆపింది. బడిలో లెక్కలు చెబుతుంది. ఇంట్లో కూడా తప్పులు దిద్దకుండా ఉండలేదు.

"ఆగు. ఆ కాళ్ళేంటి?"

"కాళ్ళే."

"ఒకటి నల్ల మేజోడు, ఒకటి నీలం. ఒక కాలు ఆఫీసుకీ, ఇంకోటి పెళ్ళికీ వెళ్తున్నాయా?"

కూర్చుని చూశాను. రెండూ నల్లవే. గదిలో వెలుతురు తక్కువ. దానికి వాదన ఎందుకని ఆమె చెప్పిన దాన్ని విప్పి, ఆమె ఇచ్చినది తొడుక్కున్నాను. అది కూడా నల్లదే.

జూన్ 20, గురువారం

మే నెల నుంచి వెనక గదిలో వేరుగా ఉంచి చూసిన జంటను ఈరోజు వదిలాను. ఒక చిన్న చేప, ఒక రొయ్య. రొయ్యకు చూపు దాదాపు ఆనదు. పగలంతా ఇసుకలో బొరియ తవ్వుతూ ఉంటుంది. చేప గుమ్మంలో కాపలా ఉంటుంది. రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా ఒక మీసం చేప ఒంటి మీద ఆనించి ఉంచుతుంది. చేప తోక అదిలిస్తే వెనక్కి తగ్గుతుంది.

అరగంటలో పెద్దావిడ నీడన ఇల్లు మొదలుపెట్టాయి. పన్నెండు కుర్చీలూ అటే చూశాయి. నర్సు సూది సరిచేస్తున్నా ఎవరూ చేతివంక చూసుకోలేదు. ఈ ఉద్యోగంలో నాకు కావలసింది అదే.

"ఆ రొయ్యకి జీతమెంత?" అన్నారు దర్జీగారు. "మా షాపులో పెట్టుకునేవాణ్ణి. తలెత్తకుండా పని చేస్తోంది."

జూన్ 25, మంగళవారం

పెద్దావిడ కొసలు తెల్లబడ్డాయి. మొన్నటిదాకా వెలిసిపోవడం, ఇది తెలుపు. ఎడమవైపు పదకొండు కొమ్మలు.

ఉప్పు సరిగా ఉంది. వేడి సరిగా ఉంది. క్షారత, సున్నం, అన్నీ ఉండవలసినట్టే. ప్రవాహం మునుపటికన్నా మేలు. చేపలు తింటున్నాయి. దీపం సంగతి చూసుకుంటూనే ఉన్నాను. ఈరోజు కూడా రెండు శాతం పెంచాను. ఇక మిగిలింది ఒక్కటే, బయటి నుంచి వచ్చే నీరు.

ప్లాంటు నీటిని గాజు గొట్టంలో పట్టి క్లోరిన్ చుక్కలు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు వస్తుంది, లేకపోతే రంగు రాదు. గొట్టాన్ని రంగుల అట్ట పక్కన పెట్టి చూశాను. అట్ట మీద మొదటి గడి తెలుపు, రెండోది లేత పసుపు. నీరు ఏ గడికి సరిపోతోందో తేల్చుకోలేకపోయాను. మూడుసార్లు చూశాను. రెండింటికీ సరిపోతున్నట్టే ఉంది.

సందేహం ఉంటే ఉన్నట్టే రాయాలి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. నా దగ్గర నేర్చుకున్నవారికి చెప్పిన మొదటి పాఠం కూడా అదే. పని పుస్తకంలో రాశాను: ప్లాంటు నీటిలో క్లోరిన్, లేశమాత్రం.

పుస్తకం నకలు ప్రతి బుధవారం మేనేజరుకు వెళుతుంది.

జూన్ 27, గురువారం

ఉదయం నేను వెళ్ళేసరికి యంత్రాలన్నీ ఆగి ఉన్నాయి. పన్నెండు కుర్చీల్లో పన్నెండుమంది, ఎవరి చేతికీ గొట్టం లేదు. తొట్టి పంపు శబ్దం అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు.

నేను రాసిన ఒక్క వాక్యం. ఇక్కడ నీటి మీద రాతపూర్వకంగా సందేహం వస్తే అంతా ఆపి, నీటిని ప్రయోగశాలకు పంపి, జవాబు వచ్చాకే మొదలుపెట్టాలట. ఆ నియమం నాకు తెలుసు. రాసేటప్పుడు గుర్తు లేదు. గుర్తున్నా రాసేదాన్నేమో.

నీళ్ళాయన మీటరు సున్నా చూపిస్తోంది. రెండో మీటరు తెప్పించారు. అదీ సున్నా. అయినా రాత రాతే.

అతను నా దగ్గరికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, మెల్లగా అడిగాడు: "అక్కా, నాకొక మాట ముందు చెప్పొచ్చుగా."

నేను గొట్టం, అట్ట తెచ్చి చూపించబోయాను. అతను చూడలేదు. "మీరు రాశారంటే చూసే రాసుంటారు," అని వెళ్ళిపోయాడు.

ఆ మాటకు కోపం కన్నా బరువు ఎక్కువ.

కొందరిని వేరే కేంద్రానికి పంపారు. దర్జీగారికి అక్కడ కుర్చీ దొరకలేదు; రేపు రమ్మన్నారు. చెప్పుల్లో పాదాలు పట్టడం లేదు, వాచిపోయాయి. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. నేను కారు దాకా వెళ్ళాను.

"పెద్దావిడకి నీళ్ళు పడ్డం లేదా?" అని అడిగారు.

"అదే చూస్తున్నానండీ."

"చూడు చూడు. నాకంటే ఆవిడే పెద్దది."

జూన్ 28, శుక్రవారం

యంత్రాలు ఇంకా నడవలేదు; చేపలకు మేత వేసి వచ్చేశాను.

జూన్ 29, శనివారం

ప్రయోగశాల జవాబు వచ్చింది. క్లోరిన్ లేదు. అసలు లేదు. యంత్రాలు నడిచాయి.

నేను ఈరోజు మళ్ళీ పరీక్షించాను. మళ్ళీ అదే సందేహం. కొత్త చుక్కల పెట్టె కొనుక్కొచ్చి చూశాను. మళ్ళీ అదే. రెండు పెట్టెలూ చెడిపోయి ఉండాలి.

నీళ్ళాయనను సంజాయిషీ రాసిమ్మన్నారట. "క్లోరిన్ లేదని తేలాక సంజాయిషీ దేనికి?" అని మేనేజరును అడిగాను. "ఆగిన రోజుకి ఫైల్లో ఏదో ఒక కాగితం ఉండాలి మేడం," అన్నాడు. తొమ్మిదేళ్ళలో అతని ఫైల్లో మొదటి కాగితం.

జూలై 2, మంగళవారం

నీలం రెండు శాతం. డెబ్బై ఎనిమిది.

జూలై 6, శనివారం

చిన్న చేపల గుంపును వదిలాను, ఇరవై నాలుగు. ఒళ్ళు ఒకేలా, మెత్తని ఆకుపచ్చ. కంటికి గుచ్చుకోని రంగని ఏరి తెచ్చాను. మేనేజరు తలుపు దగ్గరే ఆగిపోయి, "ఇదీ కళంటే," అన్నాడు. అంత గొప్పగా ఏముందో నాకు తెలియలేదు. సంతోషించాను.

పెద్దావిడ తెలుపు కుడివైపుకు పాకింది.

నీళ్ళాయన నా డబ్బాలు నింపి గుమ్మం బయట పెడుతున్నాడు. లోపలికి రావడం లేదు.

జూలై 9, మంగళవారం

జరిగింది జరిగినట్టు, వరసగా రాయాలి.

దర్జీగారు పిలిచి, సంచిలోంచి ఒక అట్ట తీశారు. చొక్కా మడతలో పెట్టే మామూలు అట్ట. అంచున కత్తెరతో గాట్లు, గాటు గాటుకీ చుట్టిన దారపు ముక్క, కింద పెన్సిలుతో నెల. పద్నాలుగు ముక్కలు.

"నీకు చూపించాలా వద్దా అని నెల నుంచీ అనుకుంటున్నా," అన్నారు. "ఈ కుర్చీలోకి వచ్చినప్పటి నుంచీ, నెలకోసారి, మొదటి మంగళవారం. రీళ్ళు తెచ్చుకుని, అద్దం దగ్గర పెట్టి, పెద్దావిడకి సరిపోయింది చూసి ఓ ముక్క చుట్టిపెడతా."

"ఎందుకండీ?"

"ఎందుకేంటి. కుట్టడం మానేశాక చేతికి పని లేదు. కంటికైనా ఉండాలిగా." తరవాత అన్నారు, "ఫిబ్రవరి నుంచీ కష్టంగా ఉంది. తొట్టి వెలుతురు నా దారాలక్కూడా రంగేస్తోంది. చిన్న టార్చి వేసుకుని చూడాల్సొస్తోంది."

నేను అట్ట చూశాను. ముదురు నుంచి లేతకు దిగే మెట్ల వరస కనిపించింది. మంచి పని, చక్కని పని అన్నాను.

"ఈ చివరి మూడూ ఏ రంగు?" అని అడిగారు.

"ఒకటే రంగు. మీగడ రంగు."

ఆయన అట్టను ఒడిలో పెట్టుకున్నారు. ఆ తరవాత రీళ్ళ డబ్బా తెరిచి నాలుగు రీళ్ళు ఖాళీ చేతిలో పెట్టుకుని నా ముందుకు చాపారు. "అమ్మాయ్, ఇందులో పెద్దావిడ పాత రంగు ఏది? ఊదా తియ్యి."

నాలుగూ ముదురు రంగులు. ఒకటి తీశాను. ఆయన ముఖం చూసి పెట్టేసి ఇంకొకటి తీశాను.

"హాల్లో బల్బులు బాగా లేవు," అన్నాను.

"కిటికీ దగ్గరికెళ్ళు. నేనెక్కడికీ పోనులే, కట్టేసి ఉన్నానుగా."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. పట్టపగలు. అక్కడ కూడా నాలుగూ అక్కచెల్లెళ్ళలాగే ఉన్నాయి. మందుల బండితో వెళుతున్న నర్సు ఆగకుండానే నా చేతిలోకి ఒక చూపు చూసి, "ఊదా ఇదేగా మేడం, మిగతావి నలుపూ నీలమూ కాఫీరంగూ," అని ఒక రీలు మీద వేలు తాకించి వెళ్ళిపోయింది.

రీళ్ళు తెచ్చి ఇచ్చేశాను. ఆయన డబ్బా మూత పెట్టుకున్నారు.

"కళ్ళజోడు మార్చాలేమో," అన్నాను.

"అదే అయ్యుంటుంది," అన్నారు, చాలా దయగా.

ఈరోజు నీలం ముట్టుకోలేదు.

జూలై 10, బుధవారం

హాల్లో ఈమధ్యే కొత్త బల్బులు పెట్టారు. వాటి కింద ఎవరికైనా అంతే.

కిటికీ దగ్గర సంగతి ఎలాగూ లెక్కలోకి రాదు. రంగులు వేసే పరంజా అడ్డుగా ఉంది.

జూలై 11, గురువారం

పరంజా సోమవారమే తీసేశారు. నిన్న రాసింది అబద్ధం. ఎవరికి చెప్పానో ఆ అబద్ధం, ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం.

కాంతి మీటరుకు సెల్లు వేశాను. పెద్దావిడ పైకొమ్మల దగ్గర నీటిలో పెట్టాను. వెలుతురు ఉండవలసినదానికి దాదాపు రెట్టింపు; ఇంత వెలుతురుకు ఏ పగడమైనా తెల్లబడుతుంది. మీటరు కడిగి మళ్ళీ పెట్టాను. అంతే.

మీటరు చెడిపోయిందని రాయబోయాను. రెండు చుక్కల పెట్టెలు చెడ్డవి, హాలు బల్బులు చెడ్డవి, ఇప్పుడు మీటరు. ఇన్ని ఒకేసారి చెడవు. ఇన్నింటిలోనూ ఉన్నది ఒక్కటే. చేయి ఆగిపోయింది.

దీపాలు ముసలివి కాలేదు.

జూలై 12, శుక్రవారం

చెల్లెలిని కూర్చోబెట్టి మేజోళ్ళన్నీ మంచం మీద పోశాను. "నలుపు ఒకవైపు, నీలం ఒకవైపు పెట్టు," అన్నాను. పెట్టింది. అవి కలిపేసి నన్ను పెట్టమంది. పెట్టాను. లెక్క చూసి, నోరు తెరిచి, మూసుకుంది. నా చెల్లెలు దిద్దకుండా వదిలేసిన మొదటి తప్పు అది.

"ఎన్నాళ్ళుగా అక్కా?"

"తెలియదు."

జూలై 15, సోమవారం

రెండు కళ్ళలోనూ శుక్లాలు. తెల్లపొర కాదు, గోధుమరంగు తిరిగిన పొర. అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయట, అందుకే తెలియదట. "మీరు లోకాన్నంతా పలచని టీలోంచి చూస్తున్నారు," అంది కంటి డాక్టరమ్మ. "ముందు నీలం పోతుంది. తెలుపుకీ లేత పసుపుకీ తేడా పోతుంది. మీకు ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు," అన్నాను.

ఇరవై అయిదున కుడికన్ను. ఎడమది మరో రెండు నెలల తరవాత.

జూలై 16, మంగళవారం

తొట్టి పైన సన్నని తెల్లని వల ఒక పొర పరిచాను; వెలుతురు కొంత కోస్తుంది. నీలం ఒక్కసారిగా దించలేను. అయిదు నెలలు ఎక్కువ వెలుతురుకు అలవాటుపడ్డదాన్ని ఒక్కరోజులో చీకట్లోకి నెట్టకూడదు. నెట్టకపోతే ఉన్నది కాలిపోతుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ చెడ్డదో పుస్తకాలు చెప్పడం లేదు. వారానికి ఒక పొర, రెండు శాతం దిగువకు. ఎక్కేటప్పటి నియమమే దిగేటప్పుడూ.

తరవాత పని పుస్తకం తీశాను. జూన్ 25 పుటలో గడి లేదు కాబట్టి అంచున రాశాను: క్లోరిన్ ఉందన్నది తప్పు. కారణం నీరు కాదు, మందు కాదు, పరీక్షించినవారి కన్ను. సంతకం పెట్టి, నకలు మేనేజరుకు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

అతను రెండుసార్లు చదివాడు. "ఇది మీకు మంచిది కాదు మేడం."

"నీళ్ళాయన ఫైల్లోంచి ఆ సంజాయిషీ తీసేయండి."

"తీయడం కుదరదు. దీన్ని దానికి జతచేస్తాను."

జతచేస్తే చాలా? అడగలేకపోయాను.

ప్లాంటు గదికి వెళ్ళాను. నీళ్ళాయన వడపోత గొట్టం విప్పి కడుగుతున్నాడు. చెప్పవలసినదంతా చెప్పాను. మధ్యలో తల ఎత్తలేదు. చివర అన్నాడు, "అక్కా, ఆరోజు నిజంగానే క్లోరిన్ ఉండి, మీరు రాయకపోయుంటే?"

"లేదు కదా."

"లేదు. కానీ రెండ్రోజులు నేనే అనుకున్నా, ఉందేమోనని. మీటరు సున్నా చూపిస్తుంటే కూడా, అక్క రాసిందంటే ఉందేమోనని." గొట్టం తిరిగి బిగించాడు. "నిద్రపట్టలా."

ఈ వారం నీరు పరీక్షించడానికి తెచ్చిన గాజు గొట్టం నా చేతిలోనే ఉంది. అతను లేచి, నా చేతిలోని గాజు గొట్టం తీసుకుని, నీరు పట్టి, చుక్కలు వేసి, కిటికీ వైపు ఎత్తి చూశాడు. "రంగు లేదు. రాసుకోండి."

రాసుకున్నాను.

జూలై 26, శుక్రవారం

కట్టు విప్పారు.

ముందు చెల్లెలి జుట్టు. తెల్లగా ఉంది. నేను ఇంకా సగం నలుపే అనుకుంటున్నాను. "ఎప్పుడు నెరిసింది?" అంటే, "నువ్వు చూడనప్పుడు," అంది.

జూలై 27, శనివారం

హాలు తలుపు తీసి అక్కడే ఆగిపోయాను.

నీలం. గోడల మీద, నేల మీద, దుప్పట్ల మీద, దర్జీగారి చొక్కా మీద. పన్నెండుమంది ముఖాలూ చలికి బిగుసుకున్నట్టు నీలంగా ఉన్నాయి. వల రెండు పొరలు వేసి, నాలుగు శాతం దించాక ఇది. దించకముందు ఎలా ఉండేదో. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, దీనిలో కూర్చున్నారు. ఫిర్యాదు చేయలేదు, చొక్కా మీద జోకు వేశారు.

నేను మెత్తని ఆకుపచ్చ అనుకుని తెచ్చిన గుంపు ఆకుపచ్చ కాదు. నియాన్ దీపాల బోర్డులా మెరిసే నీలం. మేనేజరు తలుపు దగ్గర ఎందుకు ఆగిపోయాడో ఇప్పుడు తెలిసింది.

కుడికన్ను మూసి ఎడమతో చూస్తే నా పాత తొట్టి: సాయంకాలపు ఎండలో ఉన్నట్టు, ప్రశాంతంగా. ఎడమ మూసి కుడితో చూస్తే ఇది. ఒకదాని తరవాత ఒకటి ఎన్నిసార్లు చేశానో.

"ఏంటి, పెద్దావిడకి కన్ను కొడుతున్నావా?" అన్నారు దర్జీగారు.

జూలై 30, మంగళవారం

మూడో పొర. రెండు శాతం దిగువకు.

మేనేజరు జాబితా పట్టుకుని వచ్చాడు, ఎల్లుండి హాలు ప్రారంభానికి. పెద్దావిడ ముందు నిలబడ్డాడు. మూడు వంతులు తెలుపు. రంగు రాలేదు, గడువు ముగిసింది. నేనే చెప్పాను: "మార్చడమంటే చంపడమేనండీ. మొదటిరోజే చెప్పాల్సింది."

అతను మాట్లాడేలోపు దర్జీగారు అందుకున్నారు. "సారూ, దాన్ని తీసేస్తే నా కుర్చీని గోడవైపు తిప్పించండి. కొత్త రంగు బాగుంది, ఆరేదాకా చూస్తుంటా."

అటువైపు కుర్చీలోంచి ఇంకెవరో, "నాది కూడా," అన్నారు. ఎవరో నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, జాబితాలో ఏదో కొట్టేశాడు. "సంవత్సరం చివరిదాకా," అన్నాడు నాతో. "అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రం నన్ను అనకండి."

నీళ్ళాయన డబ్బాలు లోపలికి తెచ్చి పెట్టాడు. చుక్కలు వేసి గొట్టం ఎత్తి, "రంగు లేదు," అన్నాడు. నేను రాసుకుంటున్నాను. దర్జీగారు మా ఇద్దరినీ, ఇసుకలోని బొరియనూ మార్చిమార్చి చూసి, "అమ్మాయ్, నువ్వు రొయ్యవైపోయావు," అన్నారు.

"అయితే తవ్వే పని కూడా అక్కదే," అన్నాడు నీళ్ళాయన. ముఖం మాత్రం నావైపు తిప్పలేదు.

ఆగస్టు 6, మంగళవారం

మొదటి మంగళవారం. దారం చుట్టే రోజు.

పెద్దావిడ అడుగున, రాతికి ఆనుకున్న చోట, ఒక కొమ్మ మొదట్లో వేలెడంత మేర తెల్లగా లేదు. కిందటి వారం అది ఉందో లేదో గుర్తు లేదు. కుడికన్నుకు అది ఊదా చాయలా ఉంది. ఎడమకంటికి నీడలా ఉంది. దర్జీగారు టార్చి వేసి చాలాసేపు చూసి, ఏ రీలూ తీయకుండా నర్సును పిలిచారు. ఆమె ఊదానే కావచ్చంది. నీళ్ళాయన వంగి చూసి, గోధుమరంగు నాచు పట్టిందేమో, చచ్చిన కొమ్మకు అలాగే పడుతుంది కదక్కా అన్నాడు. అతను అన్నది కూడా నిజమే. నాచు అలాగే మొదలవుతుంది.

"నువ్వు చెప్పు," అన్నారు దర్జీగారు, రీళ్ళ డబ్బా నావైపు జరిపి. "నీ చేత్తో పెంచినదిగా."

కుడికన్నుతో ఒక రీలు తీశాను. ఈసారి అది ఊదానే, నాకు తెలుసు. కానీ ఊదా చూడాలని ఆశపడే కన్ను ఊదానే చూస్తుందేమో. రీలు పెట్టేశాను. అట్ట మీద ఆగస్టు గాటు ఖాళీగా ఉంచాం.

నాలుగో పొర వేశాను. రెండు శాతం దిగువకు.

ఇంటికి వచ్చాక పాత పని పుస్తకాలన్నీ దించాను. రంగు చూసి రాసిన ప్రతి గడి దగ్గరా పెన్సిలుతో గుర్తు పెడుతూ వెనక్కి వెళ్ళాను. నిరుడు, ముందటేడు, అంతకు ముందు. అన్ని చోట్లా ఒకటే దస్తూరి, ఒకటే సంతకం, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు.

పెద్దావిడ బతుకుతుందో లేదో నాకు తెలియదు. ఆ వేలెడు మేర ఏమిటో తెలియదు. ఈ పుస్తకాల్లో ఏ రోజు వరకు నీటి గురించి రాశానో, ఏ రోజు నుంచి నా కంటి గురించి రాశానో తెలియదు.